ఆషాఢానికి పుట్టింటికొచ్చిన బంతి

నాచారం పారిశ్రామికవాడలో, సీసాల మూతలు చేసే కంపెనీ వెనక సందులో పాత రేకుల గోడౌన్ ఒకటి ఉంది. దాని గేటుకు బోర్డు లేదు. అవసరమూ లేదు. సందు మొదట్లో మనిషి కనబడగానే లోపలున్న నలభైకి పైగా కుక్కలు ఆ సంగతి అందరికీ తెలియజేస్తాయి. రోడ్డు మీద దెబ్బ తగిలినవాటిని, ఎవరో వదిలేసిపోయినవాటిని తెచ్చి, మందూ మాకూ చూసి, పెంచుకుంటామని వచ్చినవాళ్లకు అప్పగించే షెల్టర్ అది.

అక్కడి నుంచి కుక్కను తీసుకుపోయేవాళ్లు సంతకాలు పెట్టి, టీకాల సంగతి విని, ఇక బయలుదేరదామని లేచేసరికి, యాభై దాటిన ఒకావిడ స్టీలు పళ్లెం పట్టుకొని ఎదురొచ్చేది. పళ్లెంలో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుక, తమలపాకులు, వక్కలు, మడత విప్పని జాకెట్టు గుడ్డ ఉండేవి.

"జర ఆగుండ్రి. పిల్లకు ఒడిబియ్యం పోయాలె" అనేది.

ఆవిడ పేరు సత్తమ్మ.

ఆడపిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు పుట్టింటివాళ్లు ఆమె ఒడిలో బియ్యం పోసి, చల్లగా ఉండమని దీవించి పంపడం తెలంగాణలో ఆనవాయితీ. కుక్కకు ఒడి ఎక్కడిదని కొత్తవాళ్లకు సందేహం వచ్చేది. సత్తమ్మ దానికి ఎప్పుడో దారి చూసిపెట్టుకుంది. తీసుకుపోయే ఇల్లాలిని పీట మీద కూర్చోబెట్టి, కొంగు పట్టమని, కుక్క ముందుకాళ్లు రెండూ ఆ కొంగు అంచు మీద పెట్టించి, బియ్యం పోసేది. మగ కుక్కలకు ఈ మర్యాద లేదు. వాటికి నొసట బొట్టు పెట్టి, "మంచిగుండు కొడుకా, లొల్లి జెయ్యకు" అని పంపేది.

ఇందులో ఎవరూ నవ్వేవారు కాదు. సత్తమ్మ ముఖం చూస్తే నవ్వు వచ్చేది కాదు.

సత్తమ్మది జనగామ దగ్గర ఒక పల్లె. పెనిమిటి మహిపాల్ ఉప్పల్ రింగురోడ్డు నుంచి నాచారం మీదుగా షేర్ ఆటో నడుపుతాడు. ఆమె మూతల కంపెనీ క్యాంటీన్‌లో వంట చేస్తుంది. ఇద్దరూ కొడుకులే. పెళ్లిళ్లయి, ఒకడు మేడిపల్లిలో, ఒకడు అంబర్‌పేట్‌లో కాపురాలుంటున్నారు. ఆడపిల్ల లేదు. కాబట్టి సత్తమ్మది ఒడిబియ్యం పట్టిన కొంగే గాని, పోసిన చెయ్యి కాదు. కోడళ్లకు వాళ్ల పుట్టింటివాళ్లు పోసేవారు, ఈమె పక్కన నిలబడి చూసేది.

క్యాంటీన్‌లో మిగిలిన అన్నం మొదట్లో సందులో కుక్కలకు వేసేది. సూపర్‌వైజర్ మంచి మనిషి. ఆమె గిన్నె నింపుకునే వేళకు రోజూ అటు తిరిగి ఫోన్ చూసుకునేవాడు. ఒకనాడు లారీ కింద పడి కాలు నలిగిన కుక్కను ఎత్తుకుపోవడానికి వ్యాన్ వచ్చింది. కుక్క ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. సత్తమ్మ వెళ్లి పక్కన కూర్చుంటే ఊరుకుంది. దాని తల ఒళ్లో పెట్టుకొని ఆమె కూడా వ్యాన్ ఎక్కింది. అట్లా షెల్టర్ గేటు దాటిన మనిషి మళ్లీ మానలేదు. మధ్యాహ్నం గిన్నెలు కడగడం కాగానే అక్కడికి పోవడం, అన్నంలో కోడిమెడలు ఉడకేసి కలపడం, వాటి ఒంటి మీది గోమార్లు ఏరి తీయడం, రేకుల కింద ఊడ్చడం. మెడలు చికెన్ సెంటర్ అతను పక్కన తీసి పెడతాడు. ఆయనకు ఇంతవరకు ఎవరూ థాంక్స్ చెప్పలేదు. ఆయన ఎదురు చూడనూ లేదు.

ఇంట్లో దేవుడి మూల మల్లన్న పటం ఉంది. దేవుడి కాళ్ల దగ్గర ఒక కుక్క ఉంటుంది. శుక్రవారం దేవుడికి బొట్టు పెట్టిన వేలుతోనే సత్తమ్మ దానికీ పెడుతుంది. షెల్టర్‌కు ఎందుకు పోతున్నావని ఎవరైనా అడిగితే ఆ పటం వైపు చూసేది. అడిగినవాళ్లూ చూసేవాళ్లు. మాట అక్కడితో అయిపోయేది.

వ్యాన్‌లో ఆమె ఒళ్లో తల పెట్టుకొని వచ్చిన ఆ కుక్కే బంతి. బంతిపువ్వు రంగు. కాలు నయమైంది గాని కొద్దిగా కుంటు మిగిలింది. చాలా రోజులు సత్తమ్మ చేతి ముద్ద తప్ప తినలేదు. ఆమె సెలవు పెట్టిన రోజు పస్తుండేది. దానితో సత్తమ్మ సెలవులు మానేసింది.

ఇంటికి తెచ్చుకుందామని అడగని రోజు లేదు. ఇంటి ఓనరు త్రిపురసుందరి గారు కింద వాటాలో ఉంటారు. "కుక్కా? వద్దమ్మా, నా ముగ్గు తొక్కుతుంది" అన్నారు. మహిపాల్‌కు చిన్నప్పుడు పిక్క మీద కుక్క కరిచింది. "అది ఉంటె నేను ఆటోల పండుకుంట" అన్నాడు. సత్తమ్మ ఇద్దరినీ ఒక్క మాట అనలేదు. బంతి ఒడిబియ్యానికి తమలపాకులు కొనుక్కొచ్చింది.

బంతిని తీసుకుపోవడానికి వచ్చినవాళ్లు ఉప్పల్‌లో ఉండే మురళీధర్, ఛాయాదేవి దంపతులు. ఆయన ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో శాస్త్రవేత్త. ఊరు కోస్తా వైపు. ఇద్దరూ నెమ్మదస్తులు. ఛాయాదేవి పీట మీద కూర్చొని, ఏమిటీ ఎందుకూ అని అడగకుండా కొంగు పట్టింది. బంతి కాళ్లు పెట్టింది. సత్తమ్మ పోసింది. పోస్తుంటే కొన్ని బియ్యం కింద పడ్డాయి. మురళీధర్ వంగి ఒక్కొక్క గింజా ఏరి కొంగులో వేశాడు.

"మీరు చూడ్డానికి మా ఇంటికి వస్తూ ఉండండి" అంది ఛాయాదేవి.

సత్తమ్మ కళ్లు తుడుచుకుంటూ, అట్లాంటప్పుడు ఏ తల్లైనా అనే మాటే అంది.

"నేను వచ్చుడు గాదమ్మా. ఆషాఢంల మీరే తోల్కరావాలె. కొత్తగ పోయిన పిల్ల మొదటి ఆషాఢం అత్తగారింట్ల ఉండద్దు గదా."

"నెలంతానా?" అని అడిగాడు మురళీధర్.

"నెలంత" అంది సత్తమ్మ.

ఆయన తల ఊపాడు. సత్తమ్మ ఆ మాటను సాయంత్రానికే మర్చిపోయింది. అప్పటిదాకా చాలామందితో అని ఉంటుంది. అందరూ ఇటు జిల్లాలవాళ్లే. నవ్వి, "అట్లనే అక్కా" అని పోయారు, ఎవరూ తిరిగి తేలేదు. ఈ దంపతులు మాత్రం అది షెల్టర్ నియమం అనుకున్నారు. ఒడిబియ్యం వండి ముత్తైదువలకు పెట్టాలని విని, అపార్ట్‌మెంట్‌లో తెలిసిన ఆడవాళ్లందరినీ భోజనానికి పిలిచారు. ఏం ఫంక్షనని అడిగితే, "మా బంతమ్మ వచ్చిందండీ" అని చెప్పారట.

ఆషాఢం వచ్చింది. బస్తీలో బోనాల ఆదివారం. సత్తమ్మ పోచమ్మకు బోనం ఎత్తింది కాబట్టి ఆ రోజు షెల్టర్‌కు పోలేదు. మర్నాడు అన్నం గిన్నెతో గేటు తోసుకొని లోపలికి పోయేసరికి, పసుపుపచ్చటిది ఒకటి కుంటుకుంటూ వచ్చి గిన్నెతో సహా ఆమెను కింద కూర్చోబెట్టింది.

బంతి.

షెల్టర్ నడిపే మనస్విని అక్కడే ఉంది. ఇంటి నుంచి కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటూ, జీతంలో సగం కుక్కల పాలు చేసే పిల్ల. మనసు మెత్తన, కోపం ముక్కు మీద.

"చూశారా ఆంటీ? రిటర్న్ చేసేశారు. ఇంత మంచి ఫ్యామిలీ అనుకున్నా. మూడు నెలలకే మోజు తీరిపోయింది."

"ఏమన్నరు బిడ్డా?" అంది సత్తమ్మ, బంతి కింది నుంచి.

"ఏమంటారు! ఆవిడ రానే లేదు. ఆయనొక్కడే వచ్చాడు. దీని పరుపు, గిన్నె, రెయిన్‌కోటు అన్నీ సంచీలో పెట్టి తెచ్చాడు. ఎందుకు సార్ అంటే, 'సత్తమ్మగారికి తెలుసండీ' అని మీ మీదికి తోశాడు. లోపలికొచ్చి మాట్లాడండి సార్ అన్నా. అస్సలు రాలేదు. గేటు దాటనంటే దాటనని బయటే నిలబడ్డాడు. సిగ్గు ఉంటుంది కదా!"

గేటు దాటలేదన్న మాట దగ్గర సత్తమ్మకు విషయం మొత్తం అర్థమైపోయింది. ఆషాఢంలో అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. మురళీధర్ సారు తొక్కలేదు.

"పూతరేకుల డబ్బా ఒకటి ఇచ్చాడు. గిల్ట్ ఆంటీ, గిల్ట్! నేను ముట్టుకోలేదు. ఇంకా ఒక చీర. పప్పీలకు పరుచుకోవడానికనుకుంటా, వేసేశా."

సత్తమ్మ పిల్లల గూడు వైపు చూసింది. మూడు కుక్కపిల్లలు కొత్త మంగళగిరి చీర మీద పడుకొని ఉన్నాయి. షాపు మడత ఇంకా పోలేదు. ఒకటి అంచు కొరుకుతోంది. పుట్టింటికి పెట్టిన సారె అది. అంటే తనకు పెట్టిన చీర.

చెబుదామని సత్తమ్మ నోరు తెరిచింది.

"ఇక దీన్ని ఎవరికీ ఇవ్వను" అంది మనస్విని. "ఆయన నంబర్ బ్లాక్ చేసేశా. అసలు మొదట్లోనే మీకివ్వాల్సింది. మీరే తీసుకెళ్లండి ఆంటీ. ఇక ఇది మీదే."

సత్తమ్మ నోరు మూసుకుంది.

ఇంటి దగ్గర కూడా దారి తెరిచే ఉంది. కిందటి వారమే ఎవరో గోడ దూకి త్రిపురసుందరి గారి బోరు మోటారు వైరు కోసుకుపోయారు. అప్పటి నుంచి ఆవిడకు ముగ్గు కంటే మోటారు ముఖ్యమైంది. "మీ దగ్గర ఏదైనా కుక్క ఉంటే చూడు సత్తమ్మా. నిదానమైనది" అని తనే అడిగింది. ఇన్నాళ్లూ మూసి ఉన్న తలుపులన్నీ ఒకేసారి తెరుచుకుంటే అది దేవుడి పనే అనుకోవాలి. సత్తమ్మ అట్లాగే అనుకోవడానికి ప్రయత్నించింది.

సాయంత్రం బంతిని చూసి మహిపాల్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇదేందే? వాపస్ ఇచ్చిన్రా?"

"ఊఁ" అంది సత్తమ్మ.

అది పూర్తిగా అబద్ధం కాదు.

మహిపాల్ మొదటి నాలుగు రోజులు గోడ పక్కన నడిచాడు. తర్వాత బంతి ఆటో ముందు సీటు ఎక్కి అతని పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. దిగమంటే దిగలేదు. కరుస్తుందేమోనని అతను గట్టిగా చెప్పలేదు. వారం తిరిగేసరికి, "ప్యాసింజర్లు పసందు జేస్తున్నరే" అన్నాడు. తన సంగతి చెప్పలేదు. ఆటోలో మాత్రం పడుకోలేదు.

సత్తమ్మకు ఆ రోజులు పండగలా ఉండాల్సింది. బంతి గుమ్మం దగ్గర ఎదురు చూసేది, ఆమె కాళ్ల మీద గడ్డం పెట్టుకొని నిద్రపోయేది. కాని ఒళ్లు నిమురుతుంటే చేతికి కొన్ని సంగతులు తెలిసేవి. వెంట్రుకలు నిగనిగలాడుతున్నాయి. పక్కటెముకలు తగలడం లేదు. గోళ్లు ఎవరో ఓపికగా కత్తిరించారు. మెడకు గుడ్డ పట్టీ ఉంది. దాని మీద 'బంతి' అని, కింద ఒక ఫోన్ నంబరు, ఎర్ర దారంతో చేతికుట్టు. అక్షరం అక్షరం మెలి తిప్పి కుట్టారు. తప్పిపోతే దొరకాలని. సత్తమ్మ ఆ పట్టీని చూసినప్పుడల్లా బంతి వెంట్రుకలు దాని మీదికి సర్దేది.

ఒక మధ్యాహ్నం మహిపాల్ భోజనానికి వచ్చి, చెయ్యి కడుక్కుంటూ, "మీ గోడౌన్ కాడ ఒక సారున్నడే" అన్నాడు. "రోడ్డుకు అవతల దిక్కు ఎండల నిలబడి గేటు జూస్తున్నడు. ఏం గావాలె సార్ అన్న. 'ఏం లేదండీ, ఊరికే. ఆషాఢం కదా, దాటకూడదు' అన్నడు. మంచిగ సదువుకున్నోని లెక్కనే ఉన్నడు పాపం. ఎండ తల్గిందో ఏమో."

సత్తమ్మ అన్నం వడ్డించడం ఆపింది.

"ఆటోల దీన్ని జూడలే గదా?"

"అప్పుడు ఇది ఇంటికాడనే ఉన్నది. నన్ను, మీరు లోపలికి పోతారా అని అడిగిండు. నేను పోను గానీ మా ఆమె పోతది అన్న. బిస్కిట్ పుడ ఇచ్చిండు. 'బంతమ్మకి ఇమ్మనండి. పెరుగన్నం తింటోందో లేదో కనుక్కోమనండి. తొందరేం లేదు' అన్నడు." మహిపాల్ జేబులోంచి బిస్కట్ ప్యాకెట్ తీసి మధ్యలో పెట్టాడు. "బంతమ్మ అంటె మన బంతేనా?"

"మన బంతే."

"వాపస్ ఇచ్చినోళ్లు బిస్కిట్లు ఎందుకిస్తరే?"

సత్తమ్మ చెప్పేసింది. తను అన్న మాట, వాళ్లు విన్న తీరు, గేటు దాటని సారు, పూతరేకులు, చీర, మనస్విని కోపం, తన ఊఁ. మహిపాల్ మొత్తం విని, అన్నం కలుపుకొని, రెండు ముద్దలు తిన్నాక అడిగాడు.

"మరి అత్తగారింటికి ఎప్పుడు పంపాలె?"

"అమాస దాటినంక" అంది సత్తమ్మ.

"పంపుతవా?"

సత్తమ్మ బిస్కట్ ప్యాకెట్ తీసి గూట్లో పెట్టింది. మనస్వినికి నిజం చెప్పకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. శ్రావణం రాగానే ఆ ఇద్దరూ బంతిని తీసుకుపోవడానికి వస్తారు. మనస్విని వాళ్లను గేటు దగ్గరే దులిపి పంపేస్తుంది. ఫోను కలవదు. నెమ్మదస్తులు, గొడవ చెయ్యరు. వెనక్కి పోతారు. బంతి తన దగ్గరే ఉంటుంది. సత్తమ్మ చెయ్యాల్సిందల్లా ఏమీ చెయ్యకపోవడమే.

శుక్రవారం పోచమ్మ గుడికి పోయింది. బంతి వెంట వచ్చింది. గుడి ముందు మల్లవ్వ పూలు అమ్ముతుంది. ఏళ్లుగా సత్తమ్మకు మూర మీద ఒక జానెడు ఎక్కువ కొలుస్తుంది, అడిగితే చెయ్యి పొడుగు అంటుంది. ఆషాఢం కాబట్టి గుడి దగ్గర కొత్త పెళ్లికూతుళ్లు తల్లుల పక్కన గలగలలాడుతూ తిరుగుతున్నారు. సత్తమ్మ దేవత ముందు నిలబడింది. రోజూ ఏదో ఒకటి అడిగేది. ఆ రోజు ఏం అడగాలో తోచలేదు. బంతిని నా దగ్గరే ఉంచు అనడానికి నోరు రాలేదు. పంపే ధైర్యం ఇయ్యి అనడానికి మనసు రాలేదు. దీపంలో నూనె పోసి వచ్చేసింది.

బయట మల్లవ్వ బంతి మెడ కింద గోకుతోంది.

"ఈమెనే గదా నువ్వు ఒడిబియ్యం పోసి పంపిన పిల్ల? ఆషాఢానికి అచ్చిందా?" అంది. నవ్వలేదు. మల్లవ్వకు ఇది మామూలు సంగతే. "అత్తగారోళ్లు ఎట్ల జూస్తున్నరే?"

పుట్టింటికొచ్చిన ఏ పిల్లనైనా అడిగే మాటే. జవాబు కూడా తల్లి నోటి నుంచి అలవాటుగా వచ్చేస్తుంది.

"మంచిగ జూస్తున్నరు" అంది సత్తమ్మ.

అన్నాక తన మాట తన చెవిన పడింది.

"మరింకేంది! అదృష్టమంతురాలు" అని మల్లవ్వ బంతిపూల దండ ముక్క ఒకటి తుంచి బంతి మెడ పట్టీలో దూర్చింది. దూర్చడం కోసం వెంట్రుకలు పక్కకు తీసింది. ఎర్రదారం అక్షరాలు బయటపడ్డాయి. సత్తమ్మ వాటిని మళ్లీ కప్పలేదు.

గుడి నుంచి తిన్నగా షెల్టర్‌కు పోయి మనస్వినికి చెప్పింది. మనస్విని చేతిలో సిరంజి ఉంది. విన్నంతసేపూ దాన్ని గాల్లోనే పట్టుకొని నిలబడింది.

"అంటే ఆ పూతరేకులు?"

"సారె, బిడ్డా."

"చీర?"

"నాకు పెట్టిన్రు."

ఇద్దరూ పిల్లల గూడు వైపు చూశారు.

"ఆయన గేటు దాటకపోవడం?"

"అల్లుడు గదా."

మనస్విని సిరంజి కింద పెట్టి, స్టూలు మీద కూర్చుంది. "నేను ఆయన్ని ఎన్ని తిట్టానో తెలుసా ఆంటీ? ఇంగ్లిష్‌లో కూడా తిట్టాను. ఆయన 'సరేనండీ, సరేనండీ' అన్నాడు." తల ఎత్తి, "మీకు మొదటిరోజే తెలుసా?" అంది.

"ఎరుకనే."

"మరి?"

సత్తమ్మ నేల చూసింది. మనస్వినికి అర్థమైంది. కుక్కలను ఇచ్చిన ప్రతిసారీ స్టోర్‌రూమ్‌లోకి పోయి తలుపేసుకొనే పిల్ల అది. ఫోన్ తీసి బ్లాక్ తీసేసింది. చెయ్యబోతుంటే సత్తమ్మ ఆపింది.

"ఫోనొద్దు. వాళ్లు అచ్చేదాంక సూసుడు గూడ వద్దు. నేనే తోల్కపోయి అప్పజెప్త."

శ్రావణం మొదటిరోజు పొద్దున్నే సత్తమ్మ మంగళగిరి చీర కట్టుకుంది. రెండుసార్లు ఉతికింది. కుక్కపిల్లల పళ్లు పడిన అంచు కుచ్చిళ్ల లోపలికి పోయేటట్టు మడత పెట్టింది. పళ్లెంలో బియ్యం, కుడుక, ఆకు, వక్క, కొత్త గుడ్డ. మహిపాల్ ఆటో కడిగి, అద్దానికి పూలు కట్టాడు. బంతి ముందు సీటులో కూర్చుంది. ఉప్పల్ చౌరస్తా దగ్గర ఒకాయన చెయ్యి ఎత్తితే, "ఖాళీ లేదన్నా, ఫంక్షన్ ఉన్నది" అని మహిపాల్ ఆపకుండా పోయాడు.

అపార్ట్‌మెంట్ సందు మలుపు తిరగ్గానే బంతి లేచి నిలబడింది. చెవులు ముందుకు వచ్చాయి. గొంతులో సన్నగా ఏదో మొదలైంది. సత్తమ్మ దాని వీపు మీద వేసిన చెయ్యి అట్లాగే ఉంచింది గాని, ఆ వీపు అప్పటికే ఆమెది కాదు. ఆటో ఆగకముందే దూకింది. కింది అంతస్తులో ఒక తలుపు తెరుచుకుంది. ఛాయాదేవి చేతిలో దోసెల గరిట ఉంది. బంతి ఆమెను గరిటతో సహా కింద కూర్చోబెట్టింది.

సత్తమ్మ చూసింది. అట్లా కూర్చోబడడం ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు.

"రేపు శుక్రవారం మేమే వద్దామనుకున్నామండీ" అంది ఛాయాదేవి కింది నుంచే. ఏడుస్తోంది, ముఖమంతా బంతి నాకుతోంది కాబట్టి ఏది ఏ తడో తెలియలేదు. "ఆ రోజు నేను రాలేకపోయాను. దింపి రావడం నా వల్ల కాదన్నాను. ఏమీ అనుకోలేదు కదా?"

"అమ్మా, నేను..." అని సత్తమ్మ మొదలుపెట్టింది. దారంతా కూడదీసుకున్న మాటలు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లేవు. "నేను పంపద్దనుకున్న. మీకు చెప్పకుంట ఉంచుకుందామనుకున్న."

ఛాయాదేవి ఆమె వైపు చూసింది.

"నేను అసలు పంపొద్దనుకున్నానండీ" అంది. "ఆషాఢం సంగతి మర్చిపోయినట్టు ఉండిపోదామన్నాను. ఆయనే, మాటిచ్చాం కదా అన్నారు."

ఇక ఆ విషయం మళ్లీ రాలేదు. లోపలికి పోయి పీట వేశారు. బంతి కాళ్లు ఎక్కడ పెట్టాలో దానికి గుర్తుంది. సత్తమ్మ బియ్యం పోసింది. ఈసారి ఒక్క గింజ కింద పడలేదు. చివర ఛాయాదేవి చేత పిడికెడు తీయించి తన కొంగులో వేయించుకుంది.

"ఇది దేనికండీ?"

"పుట్టిల్లు గూడ నిండుగుండాలె గదమ్మా. ఒట్టి కొంగుతోని పోవద్దు."

మురళీధర్ ఒక పక్కగా నిలబడి అన్నీ శ్రద్ధగా చూశాడు. "చీర మీకు బాగా కుదిరిందండీ" అన్నాడు. సత్తమ్మ కుచ్చిళ్లు సర్దుకుంది. ఆయన కాస్త తటపటాయించి అడిగాడు.

"వచ్చే ఆషాఢం కూడా నెలంతా పంపాలా?"

"లేదు సార్. మొదటిదొక్కటే."

ఆయన అమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలాడు. "మరి బతుకమ్మకి? మా పక్కింటివాళ్ల అమ్మాయి బతుకమ్మకి పుట్టింటికి వస్తుందిట."

సత్తమ్మ నోరు తెరిచింది. గుమ్మంలో మహిపాల్ దగ్గాడు. ఆమె నోరు మూసుకొని, మళ్లీ తెరిచింది.

"నెల కాదు సార్. ఒక్క పూట. మీరు గూడ రావాలె. గేటు దాటొచ్చు."

దోసెలు తిని బయలుదేరారు. బంతి గేటు దాకా వచ్చింది, సత్తమ్మ చెయ్యి నాకింది, వెనక్కి తిరిగి లోపలికి పోయింది. పోయేటప్పుడు కుంటు కూడా పెద్దగా కనబడలేదు.

ఆటోలో ముందు సీటు ఖాళీ. ఉప్పల్ స్టేడియం దాటాక మహిపాల్ అన్నాడు.

"ఓనరమ్మ అడుగుతది. మోటరు కాడ కుక్క ఏదని."

"అడుగుతది."

"మీ గోడౌన్ గేటు కాడ ఒక ముసలోడు పండుకోని ఉంటడు జూడు, ఒంటికన్నోడు. నన్ను జూస్తె గుర్రు మంటడు. ఏం పేరు వానిది?"

"సోమవారం." ఆ కుక్క ఒక సోమవారం వచ్చింది. వచ్చి ఏళ్లయింది. పెంచుకుంటామని వచ్చినవాళ్లు దాన్ని దాటుకొని లోపలికి పోతారు, మళ్లీ దాన్ని దాటుకొని బయటికి పోతారు. అది తోక ఆడించడం ఎప్పుడో మానేసింది.

"నిదానమైనదేనా?"

"లేవనే లేవడు."

మహిపాల్ నాచారం మలుపు దగ్గర ఇంటి వైపు కాకుండా పారిశ్రామికవాడ వైపు హ్యాండిల్ తిప్పాడు.

"నిన్ను గరుస్తడు" అంది.

"ఒక పిక్కకు అయింది. ఇంకోటి ఉన్నది గదా" అన్నాడు. కొంత దూరం పోయాక, "మగపిల్లగానికి ఒడిబియ్యం ఉండదంటివి?"

"ఉండదు. ఇంటికి తెచ్చుకునెటోనికి ఎందుకు?"

సత్తమ్మ కొంగు ముడి విప్పి చూసుకుంది. పిడికెడు పసుపు బియ్యం ఉన్నాయి. సాయంత్రం వండితే ముసలివాడికి ఒక పూట సరిపోతాయి. సగం పళ్లు ఊడిపోయాయి కాబట్టి కాస్త మెత్తగా వండాలి అనుకొని, మళ్లీ ముడి వేసుకుంది.